మూగ బాక్టీరియా ఉన్న వెల్స్ కూడా వెలిగాయి

ఆ రోజు ప్లేటు రీడర్ ఇచ్చిన అంకెలు చూసి ముందు సంతోషపడ్డాను. బాక్టీరియా వదిలిన రసాయనం మానవ కణాలకు అందింది. అందగానే అవి మేం అమర్చిన లూసిఫరేజ్ అనే వెలుగునిచ్చే ఎంజైమ్ జన్యువును నడిపించాయి. వెలుగు వచ్చింది. ఆ తర్వాత కింది వరుస చూశాను. ఆ వరుసలో ఉన్నవి మా ల్యాబ్‌లో 'మూగ స్ట్రెయిన్' అని పిలుచుకునే బాక్టీరియా. సిగ్నల్ తయారుచేసే జన్యువే వాటిలో లేదు. అయినా ఆ వెల్స్, అంటే ప్లేటులోని చిన్న గుంటలు, వెలిగాయి. పై వరుసంత కాకపోయినా, బాక్టీరియా వేయని వెల్స్ కంటే స్పష్టంగా ఎక్కువ.

ఈ కేసు రాస్తున్నది ఆ కింది వరుస కోసమే. బాక్టీరియాకూ మానవ కణాలకూ మధ్య రెండువైపుల సంభాషణ కట్టడమంటే అందరూ రెండు బాణాలు గీసి చూపిస్తారు. ఇటు నుంచి ఒక అణువు, అటు నుంచి ఇంకో అణువు. బొమ్మలో తప్పేమీ లేదు. కానీ బెంచి దగ్గర మా నెలలన్నీ వేరే పనికి ఖర్చయ్యాయి. ఒకరన్న మాట రెండోవాళ్లు విన్నారని, విన్నందువల్లే బదులిచ్చారని రుజువు చేయడానికి.

నేను ఈ పనిలోకి రావడానికి కారణం మా నాన్న కాలి పుండు. ఆయనకు షుగరు. నెలల తరబడి మానని ఆ పుండుకు కల్చర్ పరీక్ష చేయించిన ప్రతిసారీ సూడోమొనాస్ అనే రిపోర్టు వచ్చేది. మందు మార్చేవాళ్లు, కొన్నాళ్లు తగ్గేది, మళ్లీ అదే పేరు. ఆ బాక్టీరియా తమలో తాము రసాయనాలతో మాట్లాడుకుంటాయని, గుంపు తగినంత పెరిగిందని తేలాకే విషాలూ, తమను కాపాడే జిగురు పొరైన బయోఫిల్మూ తయారుచేయడం మొదలుపెడతాయని చదివిన రోజు నాకింకా గుర్తుంది. ఆ మాటల మధ్యలోకి మన కణం ఒకటి వెళ్లి వినగలిగితే, తిరిగి ఏదైనా చెప్పగలిగితే? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ముందే ఉన్న మాటలు

బాక్టీరియా గుంపుగా ప్రవర్తిస్తాయన్న సంగతి సముద్రం నుంచి బయటపడింది. వెలుగునిచ్చే విబ్రియో బాక్టీరియా పలచగా ఉన్నప్పుడు చీకటిగా ఉండి, చిక్కబడ్డాక వెలగడం వెనక అవే వదిలే రసాయనం ఉందని 1970లో నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ చూపించారు. దీనికి 'క్వోరం సెన్సింగ్' అన్న పేరు 1994లో వచ్చింది. చాలా గ్రామ్ నెగటివ్ బాక్టీరియాలో ఆ రసాయనం హోమోసెరిన్ లాక్టోన్ కుటుంబానికి చెందినది. ఒక చిన్న వలయం, దానికి ఒక కొవ్వు తోక. ఏ జాతి భాష అన్నది ఎక్కువగా తోక పొడవును బట్టి ఉంటుంది.

మన కణాలు దీనికి పూర్తిగా కొత్తేమీ కావు. సూడోమొనాస్ వదిలే పన్నెండు కార్బన్ల తోక ఉన్న అణువును మన శ్వాసనాళపు కణాల మీదున్న చేదు రుచి రిసెప్టర్ పసిగడుతుంది. పారాక్సొనేజ్-2 అనే మన ఎంజైమ్ అదే అణువు వలయాన్ని తెంపేస్తుంది. అటు నుంచి చూసినా అంతే. ప్రమాదకరమైన ఒక రకం ఈ.కోలై మన అడ్రినలిన్‌ను క్యూసెక్ అనే రిసెప్టర్‌తో గ్రహిస్తుంది. సూడోమొనాస్ పైపొరలోని ఓపీఆర్-ఎఫ్ ప్రోటీన్ మన ఇంటర్‌ఫెరాన్ గామాకు అంటుకుంటుంది. అంటే దొంగచాటుగా వినడం రెండు వైపులా ఎప్పటి నుంచో ఉంది. మేం చేయాలనుకున్నది మేమే ఎంచుకున్న మాటను పంపడం, మేమే ఎంచుకున్న జవాబును తిరిగి అందించడం.

మొదటి మాట: బాక్టీరియా నుంచి కణానికి

ఆగ్రోబాక్టీరియం భాషను ఎంచుకున్నాం. ఎనిమిది కార్బన్ల తోక ఉన్న లాక్టోన్‌ను దాని ట్రా-ఐ ఎంజైమ్ తయారుచేస్తుంది, ట్రా-ఆర్ ప్రోటీన్ వింటుంది. 2003లో ఇటలీ పరిశోధకులు ట్రా-ఆర్‌కు మానవ పీ65 ప్రోటీన్‌లోని జన్యువును నడిపే ముక్కను అతికించి, మానవ కణాల్లో పనిచేయించి చూపారు. ట్రా-ఆర్‌లో నాకు బాగా నచ్చిన గుణం ఒకటుంది. లాక్టోన్ లేకపోతే ఆ ప్రోటీన్ సరిగా మడతపడదు, బాక్టీరియా కణంలో అయితే త్వరగా విరిగిపోతుంది. అణువు దాని కడుపులో పూర్తిగా దాగి కూర్చుంటుందని 2002లో వచ్చిన స్ఫటిక నిర్మాణం చూపించింది. మాట లేనప్పుడు చెవి కూడా సరిగా ఉండదన్నమాట.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఆగ్రోబాక్టీరియం మొక్క కణంలోకి తన డీఎన్ఏ ముక్కను పంపి, ఓపైన్లు అనే పదార్థాలను తయారుచేయిస్తుంది. ఆ ఓపైన్లు తిరిగొచ్చి బాక్టీరియాలో ట్రా-ఆర్ జన్యువును మేల్కొల్పుతాయి. మేం ల్యాబ్‌లో కట్టాలని తంటాలు పడుతున్న రెండువైపుల సంభాషణ మొక్క కాండం మీది కణితిలో ఎప్పటి నుంచో నడుస్తోంది. మేం అరువు తెచ్చుకున్న చెవి ఆ సంభాషణలోదే.

పంపేది ఈ.కోలై. దానికి సొంత లాక్టోన్ ఏదీ లేదు కాబట్టి ట్రా-ఐ పెడితే వచ్చే మాట మేం పెట్టిందే. వినేది హెక్-293, ల్యాబుల్లో పెంచే ఒక రకం మానవ కణం. బాక్టీరియా పైన, కణాలు కింద, మధ్యలో 0.4 మైక్రాన్ రంధ్రాల పొర. బాక్టీరియా దిగలేదు, అణువు దిగుతుంది.

కాగితం మీద ఇంతే. బెంచి మీద మొదటి చిక్కు లెక్కల్లోనే ఉంది. మంచి ఆహారంలో ఈ.కోలై దాదాపు 20 నిమిషాలకు రెట్టింపవుతుంది, హెక్ కణానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అవి అడ్డూ ఆపూ లేకుండా పెరిగితే, ఇక్కడ ఒక కణం రెండయ్యేలోగా అక్కడ 72 రెట్టింపులు. ఆహారం అంతకు చాలా ముందే అయిపోయి, కణాలు పెరిగే ద్రవమైన మీడియం పులిసిపోతుంది, కణాలు చచ్చిపోతాయి. క్లోరామ్‌ఫెనికాల్ వేసి పెరుగుదల ఆపుదామంటే, అది బాక్టీరియా రైబోజోములతో పాటు మన మైటోకాండ్రియా రైబోజోములనూ పట్టుకుంటుంది. పైగా ప్రోటీన్ తయారుకాని బాక్టీరియా కొత్తగా మాట ఎలా పలుకుతుంది? చివరికి చాలా తక్కువ బాక్టీరియాతో మొదలుపెట్టడం, సమయం కుదించడం అనే మామూలు దారే పట్టాం. ఇంకో మాట: కణాల కల్చర్ చేసేవాళ్లకు మీడియంలో పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలపడం చేతికి అలవాటైపోయిన పని. ఈ పనికి విడిగా, ఆ రెండూ లేని సీసా పెట్టుకుని పెద్ద అక్షరాలతో రాసుకోవాలి. మేం ఒక వారం పోగొట్టుకున్నాక రాసుకున్నాం.

రెండో చిక్కు అణువు ఆయుష్షు. లాక్టోన్ వలయం క్షార వాతావరణంలో తెరుచుకుంటుంది. తెరుచుకుంటే అది ఇక మాట కాదు. వేడి పెరిగినా, తోక పొట్టిదైనా ఇంకా తొందరగా తెరుచుకుంటుంది. కణాల మీడియం ఇంక్యుబేటర్‌లో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కింద 7.4 పీహెచ్ దగ్గర నిలుస్తుంది. బయటికి తీసి బెంచి మీద పెడితే ఆ వాయువు ఎగిరిపోయి పీహెచ్ పైకి పాకుతుంది, మీడియంలోని ఫినాల్ రెడ్ ఎరుపు నుంచి ఊదా గులాబీకి మారుతుంది. ఆ రంగు మారడం అంటే మా మాట చెరిగిపోతోందని అర్థం. ఇది తెలిశాక ప్లేటును బయట పెట్టి తీరిగ్గా లేబుళ్లు రాసే అలవాటు మానుకున్నాం. సీరం కూడా శత్రువే. క్షీరదాల సీరంలో ఈ లాక్టోన్లను విరిచే ఎంజైమ్ ఉందని 2005లోనే తేలింది. పోషణ కోసం పోసే దూడ సీరం మా సిగ్నల్‌ను మెల్లగా తినేస్తోందన్నమాట. సీరం తగ్గించాం.

పన్నెండు కార్బన్ల తోక తీసుకుంటే వలయం ఎక్కువసేపు నిలుస్తుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. మేమూ అనుకున్నాం. కానీ ఆ అణువు మానవ కణాల మీద తనంతట తానే ప్రభావం చూపుతుంది, మోతాదు పెరిగితే చంపుతుంది కూడా. సందేశమే మనిషిని కొడితే అది సంభాషణ ఎలా అవుతుంది?

కింది వరుస

ఇక మొదట చెప్పిన రోజుకు వస్తాను. మూగ స్ట్రెయిన్ ఎందుకు వెలిగించింది?

మీటింగులో అందరూ అన్న మొదటి మాట ఎల్‌పీఎస్. ఈ.కోలై పైపొరలోని ఆ కొవ్వు చక్కెర పదార్థం మన రోగనిరోధక కణాలను అదరగొడుతుంది, కాబట్టి అనుమానం సహజం. కానీ హెక్ కణాల్లో దాన్ని పట్టుకునే టీఎల్ఆర్-4 అనే రిసెప్టర్ లేదు. టీఎల్ఆర్-4 కోసం పరీక్షలు చేసేవాళ్లు ఆ జన్యువును పనిగట్టుకుని హెక్‌లోకి ఎక్కించుకునేది అందుకే. ఎల్‌పీఎస్‌ను విడిగా వేసి చూశాం. కదలిక లేదు.

దారి చూపించింది మా జూనియర్ పీహెచ్‌డీ అమ్మాయి. మేం రెండు లూసిఫరేజ్‌లు వాడుతున్నాం. మిణుగురు లూసిఫరేజ్ ట్రా-ఆర్ ఆజ్ఞ మీద నడుస్తుంది. రెనిల్లా లూసిఫరేజ్ ఎప్పుడూ ఒకేలా నడవాలి, కణాల సంఖ్యలో తేడాలను సరిదిద్దడానికి. రెనిల్లాను, ట్రా-ఆర్‌ను రెండింటినీ సీఎంవీ ప్రమోటర్ అనే జన్యు స్విచ్ కింద పెట్టాం. సాయంత్రం నేను సంచి సర్దుకుంటుంటే ఆ అమ్మాయి వచ్చింది.

"అక్కా, ఒక్క నిమిషం. రెనిల్లా కాలమ్ విడిగా చూశారా?"

"అది సరిచేయడానికే కదమ్మా. భాగిస్తాం, అయిపోయింది."

"భాగించకముందు చూడండి. బాక్టీరియా ఉన్న ప్రతి వెల్‌లో అదీ పెరిగింది. మూగదైనా సరే."

చూశాను. నిజమే. ఎప్పుడూ కదలకూడని కొలబద్దే కదిలింది. మేం రోజూ రెండు అంకెలను భాగించి వచ్చిన నిష్పత్తిని మాత్రమే చూస్తూ, కింద ఉన్న ముడి అంకెలను మర్చిపోయాం. ఆమె అడగకపోతే ఇంకెన్నాళ్లు పట్టేదో.

అక్కడి నుంచి ముడి విడిపోయింది. సీఎంవీ ప్రమోటర్ ఒక వైరస్‌ది. ఇన్‌ఫెక్షన్ వచ్చి కణం ఎన్ఎఫ్-కాపా-బీ అనే అలారం మోగించినప్పుడు దాన్ని తనకు అనుకూలంగా వాడుకోవడానికి ఆ వైరస్ తన ఎన్‌హాన్సర్‌లో, అంటే ప్రమోటర్ జోరు పెంచే డీఎన్ఏ భాగంలో, ఎన్ఎఫ్-కాపా-బీ కూర్చునే చోట్లు పెట్టుకుంది. హెక్ కణాల్లో టీఎల్ఆర్-4 లేకపోయినా టీఎల్ఆర్-5 సొంతంగా ఉంది. అది పట్టుకునేది ఫ్లాజెల్లిన్‌ను, అంటే బాక్టీరియా ఈదడానికి వాడే తోక ప్రోటీన్‌ను. ఫ్లాజెల్లిన్ ముక్కలు 0.4 మైక్రాన్ పొరను సులువుగా దాటతాయి. దాటి, అలారం మోగించి, సీఎంవీని లేపి, ట్రా-ఆర్ మోతాదును పెంచుతాయి. ట్రా-ఆర్ ఎక్కువైతే మాట లేకుండానే కొంత కారుతుంది. బాక్టీరియా ఒక్క మాట అనకపోయినా, పక్క గదిలో ఉన్నందుకే కణం ఉలిక్కిపడిందన్నమాట.

ట్రా-ఆర్‌ను, రెనిల్లాను ఈఎఫ్-1-ఆల్ఫా అనే మానవ ప్రమోటర్ కిందికి మార్చాం. రాత్రంతా ఎల్‌బీ అనే పోషక ద్రవంలో పెరిగిన బాక్టీరియాను, అక్కడ వదిలిన ఫ్లాజెల్లిన్ పోయేలా, వేసేముందు బాగా కడిగాం. కింది వరుస బాగా తగ్గింది. పూర్తిగా సున్నాకు రాలేదు. హెక్ కణాల్లో నాడ్-1 కూడా ఉంది, అది గ్రామ్ నెగటివ్ కణకుడ్యపు ముక్కలను పట్టుకుంటుంది. దాన్నీ తీసేయాలా అని చాలా వాదించుకున్నాం. నా తీర్పు వద్దనే. చెవులన్నీ కోసేసిన కణంలో పనిచేసే సంభాషణ వలయం రేపు నిజమైన కణజాలంలో పనికిరాదు. తీసేయలేని శబ్దాన్ని ప్రతి ప్లేటులో కొలుద్దాం, మూగ వరుస దానికే ఉంది అన్నాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను.

ఆ రోజు నుంచి ప్రతి ప్లేటులో పోల్చి చూడటానికి నాలుగు కంట్రోళ్లు ఉంటున్నాయి. ట్రా-ఐ లేని మూగ స్ట్రెయిన్. లాక్టోన్ పట్టుకునే చోట 70వ అమైనో ఆమ్లాన్ని మార్చిన ట్రా-ఆర్ ఉన్న చెవిటి కణం. బాక్టీరియా లేకుండా సింథటిక్ లాక్టోన్ మాత్రమే వేసిన వెల్. నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టం: మాట్లాడే బాక్టీరియా, వినే కణం, మధ్యలో బాసిల్లస్ నుంచి వచ్చిన ఏఐఐ-ఏ అనే లాక్టోనేజ్ ఎంజైమ్. మాట పుడుతుంది, దారిలో చెరిగిపోతుంది. అప్పుడు వెలుగు పోతేనే అది ఆ మాట వల్ల వచ్చిన వెలుగు.

ఒక చిన్న హెచ్చరిక, ఇదే తప్పు ఇంకొకరు చేయకుండా. మొదట్లో మాట అందిందని చూపే రిపోర్టర్‌గా సీప్ వాడాం, అంటే కణం బయటికి వదిలే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైమ్. నమూనాను 65 డిగ్రీల వద్ద వేడిచేస్తే మిగతా ఫాస్ఫటేజ్‌లు చచ్చి అదొక్కటే మిగులుతుందన్నది దాని వెనక ఉన్న నమ్మకం. ఈ.కోలై సొంత ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఆ వేడికి చావదు. దాన్ని శుద్ధి చేసేటప్పుడే 80 డిగ్రీలు దాటించేవారు. బాక్టీరియాతో కలిపి చేసే పనికి సీప్ వద్దు.

తిరుగు మాట

కణం నుంచి బాక్టీరియాకు వెళ్లే దారి ఇంతకంటే కష్టం. అందులో మొదటి గోడ ముడిసరుకు. లాక్టోన్ తయారుచేసే ఎంజైమ్‌కు కొవ్వు తోక కావాలి, అదీ చాలామటుకు అసైల్ క్యారియర్ ప్రోటీన్‌కు తగిలించి ఉన్న తోక. బాక్టీరియాలో అది కణమంతా దొరుకుతుంది. మన కణంలో విడిగా ఉన్న అలాంటి ప్రోటీన్ మైటోకాండ్రియా లోపల ఉంటుంది, సైటోప్లాజమ్‌లో కొవ్వులు తయారుచేసే పెద్ద ఎంజైమ్ తన తోకలను బయటికి ఇవ్వదు. 1999లో పొగాకు మొక్కలతో లాక్టోన్లు తయారుచేయించి బాక్టీరియాకు వినిపించారు. అక్కడ ఎంజైమ్‌ను క్లోరోప్లాస్ట్‌లోకి పంపారు, ముడిసరుకు అక్కడ ఉంది కాబట్టి. మన కణానికి క్లోరోప్లాస్ట్ లేదు.

అందుకని ఏఐ-2 వైపు తిరిగాం. చాలా జాతుల బాక్టీరియా పంచుకునే మాట అది. దాని ముడిసరుకు ఎస్-అడినోసైల్ హోమోసిస్టీన్, మన ప్రతి కణంలోనూ ఉండేదే. మన కణం దాన్ని ఒకే ఎంజైమ్‌తో హోమోసిస్టీన్‌గా మారుస్తుంది. బాక్టీరియా ఎంటాన్, లక్స్-ఎస్ అనే రెండు ఎంజైములతో రెండు మెట్లలో మారుస్తుంది. ఆ రెండో మెట్టులో పక్కన రాలిపడే ముక్క తనంతట తానే వలయమై ఏఐ-2 అవుతుంది. అంటే రెండు జన్యువులు చాలు. స్విట్జర్లాండ్‌లో మార్టిన్ ఫుసెనెగర్ బృందం ఈ దారినే పట్టింది. బాక్టీరియా వదిలే ఫార్మైల్ పెప్టైడ్లను పసిగట్టి ఏఐ-2 విడుదల చేసే మానవ కణాలను వాళ్లు 2018లో చూపారు. ఆ ఏఐ-2 విబ్రియో హార్వేయి ప్రవర్తనను మార్చింది, కాండిడా అనే ఫంగస్ బయోఫిల్మ్‌ను బలహీనపరిచింది. దారి పనిచేస్తుందని ముందే తెలియడం మాకు పెద్ద ధైర్యాన్నిచ్చింది.

మా జవాబు వినాల్సింది విబ్రియో కాదు, మొదట మాట్లాడిన ఆ ఈ.కోలైయే. దానికి సొంత లక్స్-ఎస్ ఉంటే తన మాట తనే విని తబ్బిబ్బవుతుంది, కాబట్టి అది తీసేశాం. ఏఐ-2 లోపలికి వస్తే ఎల్ఎస్ఆర్-ఆర్ అనే అణచివేత ప్రోటీన్ తొలగి, మేం పెట్టిన ఆకుపచ్చ ఫ్లోరసెంట్ ప్రోటీన్ తయారు కావాలి.

కాలేదు. మానవ కణాలు పెరిగిన మీడియంను విడిగా పరీక్షిస్తే ఏఐ-2 ఉంది. అదే మీడియంలో బాక్టీరియా పెట్టుకుని కూర్చున్నా వినడం లేదు. మూడు వారాలు ప్లాస్మిడ్‌లను, అంటే మేం పెట్టిన జన్యువులను మోసే డీఎన్ఏ ముక్కలను, అనుమానించాం, మళ్లీ సీక్వెన్స్ చేయించాం. అంతా సరిగ్గానే ఉంది.

కారణం మీడియం సీసా లేబుల్ మీదే రాసి ఉంది. మేం వాడే డీఎంఈఎమ్‌లో లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజ్. ఏఐ-2ను లోపలికి తెచ్చే పంపునూ, దాన్ని గుర్తించే ఏర్పాటునూ నడిపే జన్యువులకు సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న సంకేత అణువు కావాలి. గ్లూకోజ్ దండిగా ఉంటే ఈ.కోలైలో సైక్లిక్ ఏఎంపీ పడిపోతుంది. కడుపు నిండా గ్లూకోజ్ ఉన్న బాక్టీరియా ఆ మాటకు చెవి మూసుకుంటుంది. మానవ కణాలను పోషించడానికి పోసిన ఆహారమే బాక్టీరియా చెవిలో మైనంలా అడ్డుపడింది.

గ్లూకోజ్ లేని డీఎంఈఎమ్‌లో గ్లూటమిన్, గెలాక్టోజ్ వేసి హెక్ కణాలను పెంచాం. నెమ్మదిగానైనా బతుకుతాయి, అప్పుడు వాటికి శక్తి ఎక్కువగా మైటోకాండ్రియా నుంచి వస్తుంది. గెలాక్టోజ్‌ను తినలేని ఈ.కోలై స్ట్రెయిన్ ఎంచుకున్నాం. అది అమైనో ఆమ్లాల మీద బతుకుతూ నెమ్మదిగా పెరుగుతుంది, కాబట్టి పెరుగుదల చిక్కు కూడా కొంత తగ్గింది. ఆకుపచ్చ కాంతి కనిపించింది.

ఆ వారమే మొదటి దారిలో మూగ వరుస మళ్లీ లేచింది.

ఈసారి ఎక్కువసేపు వెతకాల్సిన పని పడలేదు. ఈ.కోలై ఫ్లాజెల్లా తయారీ కూడా సైక్లిక్ ఏఎంపీ మీదే ఆధారపడుతుంది. ప్లేటులో గ్లూకోజ్ ఉన్నన్నాళ్లూ కొత్త ఫ్లాజెల్లా పుట్టకుండా అణిగి ఉంది, మేం గమనించలేదు. గ్లూకోజ్ తీసేయగానే బాక్టీరియాకు చెవులూ వచ్చాయి, ఈత తోకలూ వచ్చాయి. తోకలు రాగానే మానవ కణాల అలారం మళ్లీ మోగింది. ఒక దారిని బాగుచేసిన మార్పు రెండో దారిని పాడుచేసింది. రెండు దారులను విడివిడిగా బాగుచేసి చివర్లో కలుపుదాం అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే: ఇద్దరూ తాగేది ఒకే నీళ్లు. మొదటి రోజు నుంచే రెండింటినీ ఒకే మీడియంలో పెట్టండి. మేం ఫ్లాజెల్లిన్ జన్యువు ఫ్లిక్‌ను తీసేసిన స్ట్రెయిన్‌కు మారాం. ఈదలేని బాక్టీరియా మా ప్లేటులో ఏమీ నష్టపోదు.

రెండూ కలిపాక

మొదటి దారిలో వెలుగు ఇచ్చే జన్యువు స్థానంలో ఎంటాన్, లక్స్-ఎస్ పెట్టడమే చివరి మెట్టు. అప్పుడు కణం లాక్టోన్ విన్నప్పుడే ఏఐ-2 చెబుతుంది. నాలుగు జతలు: మాట్లాడే బాక్టీరియాతో వినే కణం, మాట్లాడే బాక్టీరియాతో చెవిటి కణం, మూగ బాక్టీరియాతో వినే కణం, మూగ బాక్టీరియాతో చెవిటి కణం. మొదటి జతలో మాత్రమే బాక్టీరియా పచ్చబడితే అది సంభాషణ. రెండోదీ పచ్చబడితే కణం ఎవరూ అడక్కుండానే మాట్లాడుతోందని అర్థం. ఏ మార్పూ చేయని హెక్ కణాలను కూడా ప్రతి ప్లేటులో ఉంచాం. మన పేగు రకం కణాలు ఇబ్బందుల్లో పడినప్పుడు ఏఐ-2ను పోలిన పదార్థాన్ని సొంతంగా వదులుతాయని బానీ బాస్లర్ ల్యాబ్ 2016లో చూపింది కాబట్టి.

ప్లేటు రీడింగు తీసేవాళ్లకు ఏ వెల్‌లో ఏముందో తెలియకుండా లేబుళ్లు మార్చి పెట్టాం. కోడ్ విప్పినప్పుడు మొదటి జత మిగతా మూడింటి నుంచి విడిపోయి కనిపించింది. తేడా పెద్దదేమీ కాదు. రెండుసార్లు తిరిగి చేసినా అలాగే వచ్చింది. ఏఐఐ-ఏ వేసిన వెల్స్‌లో పోయింది. మా జూనియర్ మాట్లాడకుండా ఆ షీటు ప్రింటు తీసి గోడకు అంటించింది.

తేడా ఎందుకు చిన్నదో ఆలోచిస్తే కాలమే కనిపిస్తుంది. బాక్టీరియా లాక్టోన్ పోగవడానికి కొన్ని గంటలు. కణం దాన్ని విని, జన్యువు చదివి, రెండు ఎంజైములు తయారుచేసి, ఏఐ-2 తగినంత పోగుచేసేసరికి మరుసటి రోజు. ఈలోగా బాక్టీరియాకు ఎన్నో తరాలు గడిచిపోతాయి. ప్రశ్న అడిగినవి వేరు, జవాబు వినేది వాటి మునిమనవలు. పైగా ఈ.కోలై ఏఐ-2ను విని ఊరుకోదు, లోపలికి లాక్కుని విరిచేస్తుంది. ఆ విరిచే జన్యువులు తీసేసిన స్ట్రెయిన్‌తో కొంత మెరుగైంది.

ప్లేటు దాటి ముందుకు పోవాలంటే ఇంకా చాలా మార్చాలి. ప్లాస్మిడ్‌ను నిలబెట్టే యాంటీబయోటిక్ శరీరంలో వేయలేం, జన్యువులను క్రోమోజోమ్‌లోకి చేర్చాలి. ఆకుపచ్చ ప్రోటీన్ వెలగడానికి ఆక్సిజన్ కావాలి, పేగులో అది దాదాపు ఉండదు. అక్కడ బాక్టీరియా విన్నా మనకు కనిపించదు. భద్రత కోసం డాప్-ఏ జన్యువు తీసేసిన స్ట్రెయిన్ వాడొచ్చు. బయటి నుంచి డైఅమైనోపిమెలిక్ ఆమ్లం ఇవ్వకపోతే అది కణకుడ్యం కట్టుకోలేక పగిలిపోతుంది. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు కోసం మనుషుల మీద పరీక్షించిన ఈ.కోలై నిస్లే స్ట్రెయిన్‌లో ఇలాంటి తాళమే వేశారు. కానీ పగిలిన బాక్టీరియా నుంచి రాలే కణకుడ్యపు ముక్కలు నాడ్-1కు విందు. ఆ తాళాన్ని ప్రయోగం నడుస్తుండగా పెరుగుదల ఆపే బ్రేకుగా వాడొద్దు.

మా నాన్న పుండు లాంటి చోట ఈ సంభాషణ వలయం నేరుగా పనికిరాదు. సూడోమొనాస్ ఎరుజినోసాకు లక్స్-ఎస్ లేదు, అది ఏఐ-2 తయారుచేయదు, కాబట్టి మా తిరుగు మాట దాని సొంత భాష కాదు. అక్కడ సరిపోయే జవాబు వేరు. ఫుసెనెగర్ బృందమే 2017లో చూపిన మానవ కణాలు సూడోమొనాస్ లాక్టోన్‌ను పసిగట్టి, ఆ లాక్టోన్‌ను చెరిపే ఎంజైమ్‌నూ బయోఫిల్మ్‌ను కరిగించే ప్రోటీన్‌నూ వదులుతాయి. మేం కంట్రోల్‌గా వాడిన చెరిపివేతే అక్కడ జవాబు. మా తర్వాతి పని ఆ వైపే. కొత్త చెవి సూడోమొనాస్ లాక్టోన్‌ను వినే లాస్-ఆర్, మూగ స్ట్రెయిన్‌గా ఆ లాక్టోన్‌ను తయారుచేసే లాస్-ఐ తీసేసిన సూడోమొనాస్. సూడోమొనాస్‌కూ ఫ్లాజెల్లా ఉంది, దాని ఫ్లాజెల్లిన్‌ను కూడా టీఎల్ఆర్-5 పట్టుకుంటుంది. అందుకని బయోసేఫ్టీ కమిటీకి పంపిన దరఖాస్తులో ఫ్లిక్ తీసేసిన జతను కూడా ముందే చేర్చాం.